ఈ నీళ్లు ఎటు పోతన్నాయిరా?

డిసెంబర్‌లో అరకు వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లు చూడండి. అందరివీ దాదాపు ఒకే ఫొటోలు. మంచులో సగం మునిగిన కొండలు, పసుపు పచ్చగా విరగబూసిన వలిసె చేలు, చేతిలో పొగలు కక్కే కాఫీ కప్పు. నా ఫోన్లోనూ అవన్నీ ఉన్నాయి. వాటి మధ్య ఇంకో ఫొటో కూడా ఉంది. ఇంజిన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ ఫొటో. దాని చివర అంటుకున్నది కూడా అచ్చం కాఫీలాగే ఉంటుంది, పాలు కాస్త ఎక్కువ పోసిన కాఫీ. బండి కొన్నవాళ్లకీ, కొనాలనుకునేవాళ్లకీ పనికొస్తుందని ఆ ఫొటో కథ చెబుతున్నా.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో సగం మంది సంగతి ఇదే కదా! రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్నాను. 3 లక్షల 40 వేలు. లోన్ లేదు, ఇంట్లో అడగలేదు, మొత్తం నా జీతంలో దాచుకున్నదే. అమ్మానాన్నల్ని ఎక్కించుకుని అరకు తీసుకెళ్లాలన్నది మొదటి రోజు నుంచీ ఉన్న కోరిక. ఎందుకంటే నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఎస్.కోట డిపోలో ఉండగా కొన్నేళ్లపాటు అరకు ఘాట్ మీద బస్సు నడిపాడు. కానీ ఆ రోడ్డు మీద పక్క సీట్లో కూర్చుని కొండలు చూసింది ఎప్పుడూ లేదు.

పోయిన డిసెంబర్‌లో నాలుగు రోజులు సెలవు దొరికింది. హైదరాబాద్ నుంచి విజయనగరం డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. బయల్దేరే ముందు చూస్తే కూలెంట్ కనీస గీత కన్నా కింద ఉంది. బాటిల్లో ఉన్న మంచినీళ్లు పోశాను. ఆ నాలుగు నెలల్లో అలా పోయడం అది మూడోసారి. ‘పాత బండి, తాగుతుందిలే’ అనుకున్నా.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నాన్న బానెట్ ఎత్తి చూస్తున్నాడు. అలవాటు. బండి ఎవరిదైనా సరే, ముందు కూలెంట్ చూస్తాడు, తర్వాతే పలకరింపు.

“ఒరే, నీళ్లు తగ్గేయి. ఎప్పుడు పోసేవు?”

“నిన్న పొద్దున్నే పోశాను నాన్నా.”

ఆయన వంగి బండి కింద చూశాడు. రాత్రి నాకు తెలీకుండానే ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరిచి పెట్టాడట. అది బయటికి లాగాడు. పొడిగా ఉంది, ఒక్క చుక్క మరక లేదు. పైపుల జాయింట్లన్నీ వేలితో తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు.

“కింద పడట్లేదు. పైపులు కారట్లేదు. మరి ఈ నీళ్లు ఎటు పోతన్నాయిరా?”

నేను నవ్వేశాను. “నాన్నా, ఇది నీ పాత బస్సు కాదు. దీన్నిండా సెన్సార్లే. ఏమైనా తేడా వస్తే అదే చెప్తుంది” అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. లోపలికెళ్లి అయిదు లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి తెచ్చి డిక్కీలో పెట్టాడు.

ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చేదాకా మామూలు రోడ్డే. తర్వాత కొండ మొదలవుతుంది. టైడా చేరేసరికి గాలి మారిపోతుంది. చెవులు మూసుకుపోతాయి, అద్దం దించితే అడవి వాసన. నాన్న ముందు సీట్లో చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. ఒక్కో మలుపుకీ ఒక్కో కథ. ఇక్కడ గేరు పడకపోతే వెనక చక్రానికి రాయి పెట్టారట. అక్కడ వానలో కొండచరియ జారితే రాత్రంతా ప్రయాణికులతోపాటు బస్సులోనే పడుకున్నాడట.

“కండక్టర్ టికెట్లు లెక్కపెట్టుకునేవాడు, నేను నీళ్లు లెక్కపెట్టుకునేవాణ్ణి” అన్నాడు డముకు వ్యూ పాయింట్ దగ్గర ఆగినప్పుడు. ఎన్ని లీటర్లు పోశాడో, ఎక్కడ పోశాడో గుర్తుపెట్టుకునేవాడట. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ తాగితే బస్సుకి ఒంట్లో బాగోలేదని లెక్క.

ఘాట్ ఎక్కినంతసేపూ టెంపరేచర్ ముల్లు సరిగ్గా సగంలో ఉంది. దాన్ని నాన్నకి వేలితో చూపించి మరీ గెలిచినట్టు నవ్వాను. గాలికొండ దగ్గర టీ తాగాం. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు ఎలా అల్లుకున్నాయో అమ్మ ఫొటోలు తీసుకుంది. సాయంత్రానికి అరకు చేరిపోయాం. వేడి వేడి బొంగు చికెన్, గిరిజన మ్యూజియం, చలిమంట. ఆ రాత్రి అంతా బాగానే ఉంది.

అసలు కథ తెల్లారి మొదలైంది.

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డిసెంబర్ తెల్లవారుజామున అక్కడ పది అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనపడడు. బండి స్టార్ట్ చేస్తే వెంటనే అందుకోలేదు. రెండోసారికి అందుకుంది కానీ, అర నిమిషం పాటు ఎవరో పట్టుకుని కుదిపినట్టు ఊగింది. వెనక సైలెన్సర్‌లోంచి తెల్లగా దట్టమైన పొగ. అమ్మ అంది, “మంచు కదరా, అన్ని బండ్లకీ అలాగే వస్తోంది చూడు” అని. నిజమే, చుట్టూ అన్ని బండ్ల వెనకా తెల్లపొగే. కాకపోతే మిగతావాళ్లది రెండు నిమిషాల్లో ఆగిపోయింది. మాది ఆగలేదు. పైగా ఆ పొగలో ఏదో తియ్యటి వాసన. పాకం మాడినట్టు.

కాసేపు నడిచాక చలికి తట్టుకోలేక హీటర్ వేశాను. కొన్నాక అదే మొదటిసారి. హైదరాబాద్‌లో, విజయనగరంలో కారు హీటర్ ఎవరికి కావాలి చెప్పండి? వేడిగాలి రాలేదు, చల్లగాలే వచ్చింది. ‘హీటర్ పాడైనట్టుంది, ఎలాగూ వాడం కదా’ అని ఆపేశాను.

కుదుపు, ఆగని తెల్లపొగ, తియ్యటి వాసన, చల్లటి హీటర్. బండి నాలుగు రకాలుగా చెప్పింది. నాలుగింటికీ నా దగ్గర నాలుగు సాకులున్నాయి.

సుంకరమెట్ట దాటాక మళ్లీ గాలికొండ వైపు ఎత్తు ఎక్కాలి. అక్కడ ముల్లు ఒక్కసారిగా సగం నుంచి ఎర్రగీతకి ఎగిరింది. ఎరుపు లైటు, బీప్ శబ్దం. నాన్న గట్టిగా, “ఏసీ ఆపు, పక్కకి తియ్యి, ఇంజిన్ ఆపు” అన్నాడు. మూడూ ఒకే ఊపిరిలో. బండి పక్కకి తీసేలోపు ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది.

నేను దిగి గబగబా మూత తిప్పబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. “చర్మం ఊడిపోతాదిరా” అన్నాడు. ఆ మూత కింద నీళ్లు వంద డిగ్రీలు దాటి, ఒత్తిడిలో ఉంటాయి. మూత వదులైన క్షణంలో అవి ఆవిరై మొహం మీదకి కొడతాయి. గంట సేపు ముట్టుకోవద్దన్నాడు. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒకామె అమ్మకి నిప్పుల దగ్గర చోటిచ్చి కూర్చోబెట్టింది. ఫోన్లో సిగ్నల్ ఒక గీత వస్తూ పోతూ ఉంది.

గంట తర్వాత నాన్న మూత తీయలేదు. ముందు డిప్‌స్టిక్ లాగాడు. అదే ఆ ఫొటో. నల్లగానో, తేనె రంగులోనో ఉండాల్సిన ఆయిల్ లేత గోధుమరంగులో చిక్కగా ఉంది. దాన్ని వేళ్ల మధ్య రాసి నాకు చూపించాడు.

“నీళ్లు ఎటు పోయేయో తెలిసింది” అన్నాడు. అంతే. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఇంజిన్ లోపల ఏం జరిగిందో చెబుతాను. కాలేజీలో చదివిందే, కానీ నాకు అర్థమైంది మాత్రం ఆ రోడ్డు పక్కనే.

ఇంజిన్‌లో మూడు ఎప్పుడూ కలవకూడదు. పెట్రోల్ మండే మంట, ఇంజిన్‌ని జారేలా ఉంచే ఆయిల్, చల్లబరిచే కూలెంట్. ఈ మూడూ లోపల కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే పక్కపక్కన తిరుగుతుంటాయి. కింద ఇంజిన్ బ్లాకు, పైన సిలిండర్ హెడ్, ఆ రెంటి మధ్య ఒక పల్చటి రేకు. అదే హెడ్ గాస్కెట్. మూడింటినీ విడిగా ఉంచేది అదే. అది ఒక్కచోట కాలినా, హెడ్ కొద్దిగా వంగినా, చిన్న పగులు వచ్చినా కూలెంట్ లోపలికే కారుతుంది. సిలిండర్‌లోకి పోతే ఆవిరై తెల్లపొగగా బయటికి పోతుంది. ఆ తియ్యటి వాసన కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌ది. ఆయిల్‌లోకి పోతే కాఫీ అవుతుంది. అప్పుడు ఆయిల్‌కి జారే గుణం పోయి బేరింగులు అరిగిపోతాయి. ఎటు పోయినా నేల మీద ఒక్క చుక్క పడదు. అట్టముక్క పొడిగా ఉండటమే అసలైన ప్రమాద సూచన. దాన్ని నేను మంచి వార్త అనుకున్నాను.

రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు కూలెంట్ మెల్లగా సిలిండర్‌లోకి ఊరింది. పొద్దున స్టార్ట్ అవ్వగానే ఆ కుదుపు అందుకే. హీటర్‌కి వేడి వచ్చేది కూలెంట్ నుంచే. అది తగ్గిపోతే వేడినీళ్లు హీటర్ దాకా అందవు. మన ఊళ్లలో హీటర్ వేయం కాబట్టి ఆ సూచన మనకి ఎప్పటికీ కనపడదు. అరకు చలి దాన్ని బయటపెట్టింది. అదే అరకు మంచు తెల్లపొగని దాచేసింది.

మరి ఘాట్‌లోనే ఎందుకు ఆగింది? మామూలు నీళ్లు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలకి మరుగుతాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ దాదాపు ప్రతి 300 మీటర్లకీ ఒక డిగ్రీ తగ్గుతుంది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే అది సుమారు 107 డిగ్రీల దాకా మరగదు. దానిపైన మూత పట్టి ఉంచే ఒత్తిడి మరో ఇరవై డిగ్రీల రక్షణ ఇస్తుంది. నేను మాటిమాటికీ బాటిల్ నీళ్లు పోసి కూలెంట్‌ని పల్చన చేశాను. గాస్కెట్ పోవడంతో ఒత్తిడి నిలవలేదు. పైన కొండ ఎత్తు, రెండో గేరులో ఇంజిన్ మీద భారం. ఉన్న రక్షణలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నేనే తీసేసి, సెన్సార్ చూసుకుంటుందిలే అని కూర్చున్నాను.

సెన్సార్ సంగతి కూడా వినండి. చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు నిజమైన వేడిని ఉన్నదున్నట్టు చూపించదు. అటూ ఇటూ ఊగితే ఓనర్లు కంగారుపడతారని, కొన్ని పదుల డిగ్రీల తేడా వచ్చినా సగంలోనే నిలబడేలా ప్రోగ్రాం రాస్తారు. హద్దు దాటాకే ఎగురుతుంది. పైగా ఆ సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. కూలెంట్ తగ్గి అది గాలిలో మిగిలితే తప్పు చెప్పొచ్చు, ఆలస్యంగానూ చెప్పొచ్చు. ఆ ప్రోగ్రాం రాసింది నాలాంటి ఉద్యోగే ఎవరో అయి ఉంటాడు. మా ఆఫీసులో కూడా డ్యాష్‌బోర్డు అంతా పచ్చగా ఉన్నప్పుడే సర్వర్లు కూలిపోయిన రోజులున్నాయి. ఆ సంగతి తెలిసి కూడా నాన్న కళ్ల కన్నా ముల్లునే నమ్మాను.

ఒక జీపు పట్టుకుని అరకు స్టేషన్‌కి వెళ్లి, అమ్మానాన్నల్ని కిరండోల్ పాసింజర్ ఎక్కించాను. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. సొరంగాలు దాటుకుంటూ శిమిలిగూడ, బొర్రా గుహల మీదుగా ఎస్.కోటకి దిగుతుంది. నేను తీసుకెళ్లాల్సిన నాన్న, ఆ కిటికీలోంచి చూస్తూ నేను లేకుండా వెళ్లిపోయాడు. నేను టోయింగ్ బండి కోసం అయిదు గంటలు ఎదురుచూసి, దాని డ్రైవర్ పక్కన కూర్చుని అదే ఘాట్ దిగాను. వెనక నా కారు ఒక్కో మలుపులో శవంలా ఊగుతోంది.

వైజాగ్ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన మెకానిక్ దగ్గర దించాం. మర్నాడు హెడ్ విప్పాడు. రెండు, మూడు సిలిండర్ల మధ్య గాస్కెట్ కాలిపోయి ఉంది. హెడ్ మీద స్కేల్ లాంటి ఇనుప పట్టీ నిలబెట్టి దాని కింద సందు చూపించాడు. ఒక కాగితం మందమంత వంపు, అంతే. తర్వాత కూలెంట్ డబ్బా అడుగు తుడిచి గుడ్డ చూపించాడు. రాగిరంగులో సన్నటి రేణువులు మెరుస్తున్నాయి.

“బాబూ, దీనికి ఇదివరకే ఎవరో మందేశారు” అన్నాడు.

లీకులు మూయడానికి కూలెంట్‌లో పోసే మందులుంటాయి. చిన్న లీకుని కొన్నాళ్లు ఆపుతాయి. రేడియేటర్‌లో, హీటర్ గొట్టాల్లో కూడా పేరుకుని వాటినీ మూసేస్తాయి. అంటే నాకు అమ్మినవాళ్లకి జబ్బు సంగతి తెలుసు. మందేసి, తుడిచి, మెరిపించి చేతిలో పెట్టారు.

రిపేరుకి 71 వేలు అవుతుందన్నాడు. హెడ్ ఫేసింగ్, కొత్త గాస్కెట్, కొత్త బోల్టులు, రేడియేటర్ శుభ్రం చేయడం, బేరింగులు. నా ఎమర్జెన్సీ అని దాచుకున్నది మొత్తం కలిపి 90 వేలు. అప్పుడు షెడ్డులో కూర్చున్న ఒక బ్రోకర్ నన్ను పక్కకి పిలిచాడు. “ఎందుకు సార్ అంత ఖర్చు? పాత హెడ్డే బిగించి, ఆయిల్ మార్చి, ఇంకో డబ్బా మందేద్దాం. నెల రోజులు గ్యారంటీగా తిరుగుతుంది. 2 లక్షల 75 వేలకి పార్టీని నేను తెస్తా.”

దాచడం ఎందుకు, నేను ఒప్పుకోబోయాను. నన్నెవరో మోసం చేశారు, నేను ఇంకొకరికి దాటిస్తే లెక్క సరిపోతుంది అనిపించింది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

“కొన్నోడు కూడా వాళ్లమ్మనీ నాన్ననీ ఎక్కించుకునే కదరా ఘాట్ ఎక్కుతాడు” అన్నాడు.

రిపేరు చేయించాను. తొమ్మిది రోజులు పట్టింది.

నాలాంటి వాళ్లకి నాలుగు మాటలు. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ రెండూ చూడండి. చలికాలంలో మూత కింద కొంచెం తెల్లటి నురుగు చెమ్మ వల్ల కూడా రావొచ్చు, కానీ డిప్‌స్టిక్ మీద కాఫీ రంగు ఉంటే వదిలేయండి. హీటర్ వేసి వేడిగాలి వస్తుందో లేదో చూడండి. ఇంజిన్ నడుస్తుంటే కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తుంటే మంట గ్యాసు అందులోకి దూరుతున్నట్టే. అనుమానముంటే మెకానిక్‌ని బ్లాక్ టెస్ట్ అడగండి. నీలం రంగు ద్రవం ఉన్న చిన్న గొట్టం మూత దగ్గర పెడతారు, అది పసుపు రంగుకి మారితే లోపల లీకున్నట్టే. దారిలో ముల్లు పైకెళ్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, వీలైనంత త్వరగా పక్కన ఆపేయండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని నడిపితే గాస్కెట్‌తో పోయేది ఇంజిన్ దాకా వస్తుంది. చల్లారకుండా మూత తీయకండి, కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకండి. తప్పనిసరై మంచినీళ్లు పోస్తే, ఇంటికొచ్చాక కూలెంట్ మార్పించండి. ముఖ్యంగా, కూలెంట్ రెండోసారి తగ్గిందంటే మూడోసారి పోసే ముందు, ఎటు పోతోందని అడగండి.

ఇప్పుడు మా కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీసిన ఒక గీత, దాని పక్కన తేదీ ఉంటాయి. ప్రతి ఆదివారం పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు ఫొటో తీసి నాన్నకి వాట్సాప్ చేస్తాను. ఆయన దాన్ని పెద్దది చేసి చూసుకుని, ఒక బొటనవేలు గుర్తు పంపిస్తాడు. ఆర్నెల్లుగా గీత దగ్గరే ఉంది.

వచ్చే డిసెంబర్‌కి మళ్లీ అరకు అనుకుంటున్నాం. అమ్మకి రైలు బాగా నచ్చిందట, అందులోనే వస్తానంటోంది. నాన్న మాత్రం కార్లోనే వస్తానన్నాడు. నీళ్ల క్యాన్ ఆయనే తెస్తాడట.